చెక్క జారలేదు

జూన్ 6

తమ్ముడూ,

ఫోన్లో చెబితే మొదటి మాటకి అరుస్తావు, రెండో మాటకి పెట్టేస్తావు. కాగితంతో ఆ బాధ లేదు. చింపినా చదివాకే చింపుతావు. అందుకని రాస్తున్నాను. నవ్వకు.

మన పిడుగు, నీ ముద్దుల మేనకోడలు, బళ్ళో స్పృహ తప్పి పడిపోయింది. ముందు ఊపిరి పీల్చుకో, ఇప్పుడు బాగానే ఉంది, నా పక్కనే కూర్చుని పెన్ను మూత నములుతోంది. పోయిన వారం వరండాలో గంట కింద నిలబడి ఎవరితోనో తగువులాడుతోందట. కరెంటు గంట. సరిగ్గా దాని నెత్తి మీద మోగింది. అంతే, నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. కేక లేదు, చేతులు అడ్డం పెట్టుకోవడం లేదు. పెదాలు నల్లబడ్డాయట. టీచరు నీళ్ళు తెచ్చేలోపే కళ్ళు తెరిచి "నన్నెవరు తోశారు?" అని లేచిందట. మేనమామ పోలిక, స్పృహ రాగానే తగువే.

మొదటి డాక్టరు మూర్ఛ అన్నాడు. నా మనసు ఒప్పలేదు. రెండో ఆయన పిల్లల గుండె డాక్టరు. ఈసీజీ తీయించి చూశాడు, మాట్లాడకుండా మళ్ళీ తీయించాడు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధం కావాలట. దీని గుండె ఆ సిద్ధం కావడానికి మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుంటోందట. ఆ సందులో గట్టిగా ఉలికిపడితే లయ తప్పుతుందట. ఇది ఇంటి నుంచి వచ్చేది కావచ్చు, జెనెటిక్స్ క్లినిక్‌కి వెళ్ళండి అని రాసిచ్చాడు.

"జబ్బు పిల్లది కదండీ, ఇంటి సంగతులెందుకు?" అన్నాడు మీ బావ.

"పిల్ల కొత్తది. జబ్బు పాతది అయ్యుండొచ్చు" అన్నాడాయన.

క్లినిక్ వాళ్ళు ముందుగానే చెప్పారు, రాబోయే ముందు పెద్దవాళ్ళని అడిగి రమ్మని: ఎవరు ఏ వయసులో ఎలా పోయారు, ఎవరికైనా ఊరికే స్పృహ తప్పేదా, నిద్రలో పోయినవాళ్ళున్నారా అని. అమ్మ వైపు నాకు తెలుసు. కామెర్లతో అమ్మ ఒక్కతే ముందు పోయింది గానీ మిగతావాళ్ళంతా ముసలివాళ్ళయ్యి, పక్కవాళ్ళని సాగనంపాకే పోయారు. నాకు కావాల్సింది నాన్న వైపు. నాన్న పరంజా మీంచి పడినరోజు నువ్వు కింద నిలబడి పైపులు అందిస్తున్నావు. పైన ఆయన పక్కన ఆయన పని జతగాడు, మేస్త్రీ పొడుగు బాబాయి ఉన్నాడు. ఏం జరిగిందో సరిగ్గా రాయి. పడేముందు నాన్న ఎలా ఉన్నాడు? ఏమైనా అన్నాడా? తాత సంగతి కూడా బాబాయిని అడుగు.

పిడుగు నిన్ను అడుగుతోంది, మామయ్య ఎప్పుడొస్తాడని. వచ్చినప్పుడు ఆ కాలింగ్ బెల్ మీద పెట్టిన వేలు తలుపు తీసేదాకా తియ్యవు చూడు, అది దానికి మహా ఇష్టం.

నిన్ను చంకన మోసి నడుము పాడుచేసుకున్న
నీ అక్క

*

జూన్ 13

అక్కా,

మొదటి పేజీ రెండుసార్లు చదివాను. పిల్లల నెత్తి మీద గంట బిగించిన వెధవ ఎవడో కనుక్కో, వచ్చి మాట్లాడతాను. రెండో పేజీ చదివాక ఒళ్ళు మండింది.

నాన్న పడలేదు. పడేశారు.

రెండేళ్ళుగా నేను కోర్టు మెట్లు ఎందుకు అరగదీస్తున్నాననుకున్నావు? ఆగస్టులో వాయిదా ఉంది. కంపెనీ ప్లీడరు ఏమంటున్నాడో తెలుసా? "మనిషి నీరసంగా ఉన్నాడు, మధ్యాహ్నం సైరను వినగానే ఆకలికి ఆగలేక సేఫ్టీ బెల్టు కొక్కెం పీకేసి దిగబోయాడు" అంటున్నాడు. మన నాన్న తిండికి కక్కుర్తిపడి చచ్చాడట! ఆ మాట వాడు అన్నప్పుడు వెనక బెంచీలో ఎవడో నవ్వాడు. ఆ నవ్వు నా చెవిలోంచి పోలేదు. నాకు వాళ్ళ పరిహారం అక్కర్లేదక్కా. తప్పు మాది అని ఒక్క మాట వాళ్ళ నోటితో అనిపించాలి.

నేను రాసిచ్చింది ఒకటే: కాళ్ళ కింద చెక్క జారింది. బాబాయి చెప్పిందీ అదే, ఆరోజు పైనున్న ముగ్గురూ చెప్పిందీ అదే. తాతకీ చెక్కే జారింది. పరంజా కట్టే పనిలో పడ్డవాళ్ళందరికీ చెక్కే జారుతుంది.

ఇప్పుడు నువ్వు అడుగుతున్నావు, "పడేముందు ఎలా ఉన్నాడు?" అని. ఈ ప్రశ్న నేను ఇంతకుముందే విన్నాను. ప్లీడరు అడిగాడు, అచ్చం ఇలాగే, మెత్తగా. ఎవరు అడగమన్నారు నిన్ను? క్లినిక్కో, కంపెనీయో? నేను పెద్దగా చదువుకోలేదు. పాత పుస్తకాల బండి మీద చట్టాల పుస్తకం కొని, అర్థం కాని మాట దగ్గరల్లా ఆగి ఆగి, నా అంతట నేను నేర్చుకున్నవాణ్ణి. కానీ ఒక్కటి తెలుసు. చచ్చినవాడి ఒంట్లో జబ్బు దొరికితే చంపినవాడికి పండగ.

పిల్లకి వైద్యం చేయించు. నాన్న జోలికి రాకు.

ఈ ముక్కలే చెబుదామని ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. తమ్ముడి గొంతు అంత చేదైపోయిందా?

నేను

*

జూన్ 22

కోపిష్టివాడికి,

కంపెనీ ప్లీడరు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా నాకు తెలియదు. ఆ మాట ఇక్కడితో వదిలెయ్యి. నిన్న క్లినిక్‌కి వెళ్ళొచ్చాం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను, చదివాక తిట్టు.

నేనేదో పెద్ద మిషన్లోకి తోస్తారనుకున్నాను. అదేం కాదు. చిన్న గది, నాలుగు కుర్చీలు, బల్ల మీద చేతిరుమాళ్ళ పెట్టె. ఆ పెట్టె చూడగానే అనుకున్నాను, ఇక్కడ రోజూ ఎవరో ఒకరు ఏడుస్తారన్నమాట అని. గంటసేపు సూది లేదు, గొట్టం లేదు, ఒట్టి మాటలే. ఒక కౌన్సిలరమ్మ, మన కంటే చిన్నది, పెన్ను జడలో గుచ్చుకుని కూర్చుంది. పెద్ద కాగితం పరిచి మన వంశం గీసింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం. పోయినవాళ్ళ మీద ఏటవాలు గీత. పిడుగు దగ్గర మొదలుపెట్టి పైకి పోయింది. నీకూ ఒక చదరం గీసింది. దాని మీద గీత పడకుండా పెన్ను పక్కకి పోయేదాకా నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

"మీ నాన్నగారు?"

"పరంజా మీంచి పడి పోయారండీ."

"వాళ్ళ నాన్నగారు?"

"పరంజా మీంచి పడి..."

ఆవిడ పెన్ను ఆగింది. "ఇద్దరూనా?"

"మా ఇంటి పనే అదండీ. చెక్క జారింది."

"రెండుసార్లూ చెక్కే జారిందా?"

తలకాయ ఊపాను. తర్వాత నాన్న చెల్లెలు చిన్నత్త గురించి అడిగింది. నీకు గుర్తుండదు, నువ్వు అప్పటికి పాకుతున్నావు. చిన్నత్త బాలింతగా పోయింది. తెల్లారుజామున పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఉలిక్కిపడి లేవబోయి అలాగే వెనక్కి ఒరిగిపోయింది. అందరూ బాలింత గుణం అన్నారు. ఆ మాట చెబుతుంటే లోపలికొచ్చిన పెద్ద డాక్టరమ్మా, ఈవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డాక్టరమ్మ అడిగింది: "మీ నాన్నగారు పడినప్పుడు పెద్ద చప్పుడేమైనా అయిందా? హారను, గంట, ఏదైనా?"

నాకు తెలియదన్నాను. సైరను అని ప్లీడరు అన్నట్టు నువ్వు రాశావు గానీ, వాడి మాట నేనెలా నమ్మను? నీకు తెలుసు.

తర్వాత పిల్లని పరీక్ష చేశారు, మా ఇద్దరికీ కూడా ఈసీజీ తీశారు. ముగ్గురి రక్తం తీసుకున్నారు, కొంచెమే. "నా రక్తం నాకు మళ్ళీ ఇచ్చేస్తారా?" అని అడిగింది పిడుగు. తీయబోయే ముందు ఎన్నిసార్లు చెప్పారో: జన్యువుల్లో తప్పు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, దొరికినా అది మంచిదో చెడ్డదో ఇప్పటికి ఎవరికీ తెలియనిది కావచ్చు. తెలుసుకోవడం ఇష్టం లేకపోతే ఇప్పుడే వద్దనొచ్చు, మధ్యలో కూడా వద్దనొచ్చు. మా ఒప్పుదల లేకుండా బళ్ళో గానీ, పనిచేసేచోట గానీ, చుట్టాలకి గానీ ఒక్క ముక్క చెప్పరట. చుట్టాలకి చెప్పాల్సింది మేమేనట. అదే కష్టం. నా చుట్టం నువ్వు మరి.

ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈసీజీలో తెలిసినదాన్ని బట్టి పిల్లకి ఈలోపే మాత్రలు మొదలుపెట్టారు. కొన్ని రకాల మందులు దీనికి విషంతో సమానమట, అడక్కుండా దగ్గు మందు కూడా పొయ్యొద్దన్నారు.

ఒక్కటే అడుగుతున్నాను. చప్పుడు అయిందా, లేదా? అవును, కాదు. అంతే రాయి.

నీ అక్క

*

జూన్ 29

అక్కా,

కాదు. ఏ చప్పుడూ లేదు. చెక్క జారింది.

నువ్వు బల్ల ముందు కూర్చుని నాన్న మీద ఏటవాలు గీత గీయించి వచ్చావు. ఆ గీత గీసింది ఎవరో నాకు తెలుసు, వాళ్ళతోనే కొట్లాడుతున్నాను. నీకేమో అందులో జబ్బు కనబడుతోంది. సుత్తి చేతిలో ఉన్నవాడికి ప్రతిదీ మేకులాగే కనబడుతుంది.

ఫోను మళ్ళీ మోగి ఆగింది. సరే. ఇక చెయ్యను.

పని జోరుగా ఉంది, తొమ్మిదో అంతస్తు దాకా లేపాం. పైన నిప్పులు చెరిగే ఎండ. మొన్న ఒకసారి కళ్ళు చీకట్లు కమ్మి పైపు పట్టుకుని కూర్చున్నాను. ఎండదెబ్బ. దీనికి కూడా కాగితం తీసి చదరం గీయమనకు.

పిడుగుని నా బదులు ఒకటి గిల్లు.

నేను

*

జూలై 10

అక్కా,

ఏం చేశావు?

సోమవారం పొద్దున నడుముకి బెల్టు బిగించి నిచ్చెన మీద కాలు పెట్టాను. పొడుగు బాబాయి వెనక నుంచి నా బెల్టు పట్టుకుని లాగాడు. "నువ్వు కిందే ఉండు" అన్నాడు. ఎందుకంటే చెప్పడు. మొహం చూపించడు. అంత పొడుగు మనిషి నా ముందు చంటిపిల్లాడిలా నేల చూపులు చూస్తాడు. ఇప్పుడు నేను షెడ్డులో కూర్చుని పాత క్లాంపుల తుప్పు గీకుతున్నాను. అరిచేతులు ఎర్రమట్టి రంగుకొచ్చాయి. పైన నా చోట నిన్నగాక మొన్న చేరినవాడు, మర ఎటు తిప్పాలో తెలియనివాడు, ఈలలు వేస్తున్నాడు. వచ్చేపోయేవాళ్ళు "ఏరా, కళ్ళు తిరుగుతున్నాయటగా, పెళ్ళికూతురివా?" అంటున్నారు.

కళ్ళు తిరిగిన సంగతి నేను నీకొక్కదానికే రాశాను. ఈ భూమ్మీద ఇంకెవరికీ చెప్పలేదు.

అర్థమవుతోందా? వాయిదా ముందు కొడుకుని పని నుంచి దించారు. రేపు ప్లీడరు లేచి, "కొడుక్కీ కళ్ళు తిరుగుతాయి, తండ్రికీ తిరిగాయి" అంటాడు. వాడికి ఆ తాడు పేని చేతికిచ్చింది నా సొంత అక్క. క్లినిక్ వాళ్ళు ఎవరికీ చెప్పరన్నావు. నిజమే, వాళ్ళు చెప్పలేదు. నువ్వు చెప్పావు.

ఇక నాకు రాయకు.

*

ఆగస్టు 4

తమ్ముడూ,

రాయొద్దన్నావు, రాయలేదు. ఇవాళ రాయక తప్పదు.

అవును, బాబాయికి ఫోన్ చేసింది నేనే. నీ ఉత్తరంలో ఆ ఎండదెబ్బ ముక్క చదివి ఇస్త్రీ పెట్టె దుప్పటి మీద అలాగే వదిలేశాను. లాండ్రీలో హోటలువాళ్ళ తెల్ల దుప్పటి, నల్లగా కాలిపోయింది. సూపర్‌వైజరు తిడుతుంటే నాకు పెదాలు కదలడమే కనబడింది. కంపెనీకి కాదురా, బాబాయికి చేశాను. "నీ కొడుకులాంటివాడు, దించు బాబాయ్" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నువ్వు బతికి ఉండి నన్ను తిట్టు. చాలు.

నీ ఫోను ఎందుకు తీయడం లేదో రాయనే లేదు కదూ. నా బుర్రని చెప్పుతో కొట్టాలి. పిడుగు పడినప్పటి నుంచీ ఇంట్లో ఏదీ మోగదు. ఫోన్లు నోరు మూసుకుని బీరువాలో ఉంటాయి. అలారం గడియారం తీసేశాం. కాలింగ్ బెల్ మీద మీ బావ ప్లాస్టరు అంటించాడు, అయినా వచ్చినవాళ్ళందరూ దాని మీదే నొక్కుతారు. హారను కొట్టడమే ఉద్యోగమైన బస్సు డ్రైవరు మీ బావ ఇంట్లో చిటికె వేయడానికి జంకుతున్నాడు. నువ్వు మోగించినప్పుడల్లా అది బీరువాలో చీకట్లో వెలిగి ఆరిపోయింది. అంతేగానీ నీ గొంతు నాకు చేదవడమేమిటి?

నిన్న ఫలితం చెప్పారు. మళ్ళీ అదే గది. ఈసారి ఇద్దరూ ముందే వచ్చి కూర్చున్నారు, అది చూడగానే తెలిసిపోయింది. కౌన్సిలరమ్మ కవరు తెరవకుండా, "ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. గుండెని మళ్ళీ సిద్ధం చేసే పని ఒక జన్యువుదట. అందులో ఒక్కచోట తప్పు ఉంది. నీ భాషలో చెబుతాను: క్లాంపు బిగించేటప్పుడు సగం చుట్టు తక్కువ తిప్పారనుకో. ఏళ్ళకేళ్ళు నిలబడుతుంది. గాలి ఒక్కసారి అడ్డదిడ్డంగా కొట్టినప్పుడే తెలుస్తుంది. పిడుగులో అది ఉంది.

నాలో కూడా ఉంది.

నేను ఏడవలేదు. మీ బావ ఆ పెట్టె ఖాళీ చేశాడు. నాకూ మాత్రలు ఇచ్చారు. లాండ్రీలో పెద్ద మిషను పని అయిపోయినప్పుడల్లా బజరు కొడుతుంది. దాని పక్క నుంచి నన్ను మార్చమని అడిగాను.

నాకు నాన్న నుంచే వచ్చి ఉండాలన్నారు. అంటే నీకూ ఉండే అవకాశం సగం పాలు. బొమ్మా బొరుసా. మాత్రలు వేసుకుంటూ కాస్త జాగ్రత్తగా ఉంటే చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బతుకుతారట, పిడుగు బళ్ళోకి వెళ్ళొచ్చట, ఆడుకోవచ్చట. తెలియకుండా ఉండటమే ప్రమాదమట. తొమ్మిదో అంతస్తు మీద తెలియకుండా ఉండటం ఎలాంటిదో వాళ్ళు నాకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆరోజు ఫోన్లో బాబాయి చెప్పింది విను. మొదట ఆయనా చెక్క జారిందనే అన్నాడు. నేను పిడుగు పడిన తీరు చెప్పాను, కేక లేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు అని. తర్వాత అన్నాడు: "అమ్మా, మా పనిలో ఒక కట్టుబాటుంది. పడ్డవాడికి తల తిరిగిందని ఎవడూ అనకూడదు. అంటే వాడి కొడుకుని ఏ మేస్త్రీ నిచ్చెన ఎక్కించుకోడు. ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోద్ది. అందుకే అందరికీ చెక్కే జారుద్ది. మీ తాతకి మా నాయన చెప్పాడు, మీ నాన్నకి నేను చెప్పాను." తర్వాత ఏడ్చాడు. "సైరను కూసింది తల్లీ. నా పక్కనే ఉన్నాడు. చేతులు విచ్చుకుపోయాయి" అన్నాడు.

సైరను కూసిందటరా. నువ్వు ఏ చప్పుడూ లేదని రాశావు.

వచ్చి పరీక్ష చేయించుకో. నీకు ఆ తప్పు ఉండకపోవచ్చు కూడా. లేకపోతే ఎంత ఎత్తుకైనా ఎక్కు, నేనే నిచ్చెన పట్టుకుంటాను.

అక్క

*

ఆగస్టు 13

తమ్ముడూ,

జవాబు లేదు. నేను చేస్తే నువ్వు తియ్యవు. ఇప్పుడు తెలిసింది, మోగి మోగి ఆగితే ఎలా ఉంటుందో.

బాబాయి చెప్పాడు, నువ్వు షెడ్డులో బెల్టు విసిరికొట్టి వెళ్ళిపోయావట. ఎక్కడో వేరే కట్టడం దగ్గర చేరావట, అక్కడ ఎవరికీ నాన్న తెలియదట, మళ్ళీ పైకెక్కుతున్నావట. ఏ వీధో కూడా ఎవరికీ తెలియదు.

రోజూ మధ్యాహ్నం నేను పని ఆపేసి కిటికీ దగ్గర నిలబడుతున్నాను. మీ సైరను ఇక్కడికి వినబడదని తెలుసు.

నాన్న కేసు నాకు అడ్డం అనుకుంటున్నావు. కాదురా. నాన్న పోయాడు. ఆయన మీద గీత ఉంది. నీ మీద లేదు. నాకు ఇంతే తెలుసు.

ఈ ఉత్తరం మీ గది తలుపు కిందుగా తోయమని బాబాయికి పంపుతున్నాను. తిడుతూ అయినా సరే, ఒక్క ముక్క రాయి.

అక్క

*

ఆగస్టు 25

అక్కా,

బతికే ఉన్నాను. ముందు ఆ ముక్క.

ఇక మొదటి నుంచీ చెబుతాను. నువ్వు రాసిన ఫలితం ఉత్తరం నా జేబులోనే ఉంది, చదివాను, మడిచాను, కొత్తచోట చేరాను. నిన్ను నమ్మక కాదు, నమ్మాననే కోపం. ఇన్నాళ్ళూ కింది అంతస్తులే, పోయిన వారం మొదటిసారి ఆరో అంతస్తు మీద అడ్డపైపు బిగిస్తున్నాను. సైరను కూయబోయే ముందు దాని గొంతులో ఒక గరగర వస్తుంది, ముసలాడు దగ్గబోయే ముందు వచ్చినట్టు. ఆ గరగర వినగానే, ఇంకా కూత కూడా మొదలవకుండానే, నా రెండు చేతులూ పైపుని కౌగిలించుకున్నాయి. నేను చెప్పలేదు వాటికి. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, అది కూసి కూసి ఆగేదాకా అలాగే వేళ్ళాడాను. పక్కవాడు "ఏంట్రా, పైపుకి ముద్దులా?" అని నవ్వాడు.

కళ్ళు తెరిచి మొదట చేసిన పని కొక్కెం తగిలించుకుందామని, మనిషి పడితే ఆపే తీగ కోసం వెతకడం. తీగ లేదు.

ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాను. అందరి నడుములకీ బెల్టులున్నాయి, వడ్డాణాల్లా మెరుస్తున్నాయి. కొక్కేలు గాల్లో ఊగుతున్నాయి. తగిలించుకోవడానికి ఒక్క తీగ లేదు. నాన్న పడినచోట కూడా అంతే. రెండేళ్ళు చట్టాల పుస్తకం బట్టీపట్టాను, ఈ సంగతి మాత్రం ఒక్కరోజు కూడా కోర్టులో అనలేదు. ఎందుకంటే తీగ మాట ఎత్తితే, చెక్క సంగతి పక్కనపెట్టి, మనిషి ఎలా పడ్డాడు, తల తిరిగిందా అని తవ్వుతారు. చెక్క మాటని కాపాడుకోవడానికి తీగ మాట మింగేశాను. కంపెనీవాళ్ళు ఆ చెక్కని కోర్టుకి మోసుకొచ్చి మరీ చూపించారు. చెక్కుచెదరలేదు. కేసు సగం అక్కడే చచ్చింది.

అప్పుడే దిగాను. దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ నిచ్చెన కర్ర రెండు చేతులా పట్టుకున్నాను. సిగ్గుపడలేదు.

ఆరోజు నేను చూసింది ఇప్పుడు రాస్తున్నాను. నీకు ఒక్కదానికే. సైరను కూసింది. స్పానరు నా కాళ్ళ దగ్గర పడింది. ముందు స్పానరు పడిందక్కా. నాన్న చేతిలోంచి స్పానరు జారడం నేను పుట్టాక చూడలేదు. "ఏం నాన్నా, ముసలాడివయ్యావా?" అని నవ్వడానికి తలెత్తాను. చెక్క జారితే మనిషి చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. నాన్న పిడికిలి ముందే వదిలేసింది. తర్వాత ఆయన వచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

బాబాయి దగ్గరికి వెళ్ళాను. కొట్టడానికే వెళ్ళాను. ఆయన గుమ్మంలో నీ ఉత్తరం పట్టుకుని, చొక్కా వేసుకుని, నన్ను వెతకడానికి బయల్దేరబోతున్నాడు.

"ఎక్కావా?" అన్నాడు.

"దిగాను" అన్నాను.

"ఇంక కొట్టు" అన్నాడు, తల వంచి. ఆయన తల వంచినా నాకు అందదు.

మర్నాడే వాయిదా. ఇద్దరం వెళ్ళాం. చెక్క జారలేదని చెప్పాం. సైరను కూసిందని, చేతులు విచ్చుకున్నాయని, మా ఇంట్లో ఇలాంటి గుండె ఉందని ఇప్పుడే తెలిసిందని చెప్పాను. నీ పేరూ పిల్ల పేరూ ఎత్తలేదు. ప్లీడరు మొహం వెలిగిపోయింది, "మేం మొదటి నుంచీ చెబుతున్నదే" అన్నాడు. నేను అడిగాను: "కొక్కెం పీకేశాడన్నారు కదా సార్, ఏ తీగ నుంచి పీకాడు?" వాడి నోరేం పడిపోలేదు, సినిమా కాదు కదా. వాయిదా అడిగాడు. ముందు అబద్ధం రాసిచ్చినందుకు జడ్జమ్మ నన్నూ బాబాయినీ వాయించి వదిలింది, అది న్యాయమే. తీగ కట్టినట్టు రుజువులు పట్టుకురమ్మని కంపెనీకి చెప్పింది. ఏమవుతుందో తెలియదు. కానీ ఈసారి నేను నిలబడ్డ చెక్క జారదు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని నేను ఆలోచించిందల్లా ఒకటే. పిడుగు పడింది, లేచింది. లేచి "నన్నెవరు తోశారు?" అంది. అదే గుండె, అదే తప్పు, అదే చప్పుడు. నాన్న కూడా, తీగ ఉండి ఉంటే దానికి వేళ్ళాడుతూ, కాసేపటికి కళ్ళు తెరిచి, "స్పానరు ఏదిరా?" అనేవాడేమో. గుండె నాన్నని ఒక్క నిమిషమే వదిలింది. ఆ నిమిషం పట్టుకోవడానికి తీగ లేదు. నా కోపం ఎక్కడికీ పోలేదక్కా. సరైన చోటికి వెళ్ళింది.

ఇక నీ సంగతి. మీ క్లినిక్‌కి ఫోన్ చేశాను. కౌన్సిలరమ్మ మీద కూడా అరిచాను, అలవాటులో. ఆవిడ నేను ఆగేదాకా ఆగి, "మీరు ఆ చదరం కదూ? మీ అక్కగారు మీ గురించి చెప్పారు" అంది. నాకు నవ్వొచ్చింది. నాలో అదే తప్పు ఉందా లేదా అని ఆ ఒక్కచోటే చూస్తారట, ఎవరినైనా తోడు తెచ్చుకోమంది. వచ్చే సోమవారం రమ్మంది. తెలుసుకోవాలని ఉందా అని అడిగింది. "లేదు. అయినా తెలుసుకుంటాను" అన్నాను.

నువ్వు రాసిన ఆ క్లినిక్ ఉత్తరం మళ్ళీ తీసి చదువుకున్నాను. గంటసేపు సూది లేదు, గొట్టం లేదు, ఒట్టి మాటలే అన్నావు. నాకు సూదంటే భయం లేదు. ఆ గంటసేపే ఎలా గడుస్తుందో తెలియడం లేదు. నువ్వు పక్కన కూర్చో. బావని రావద్దని చెప్పు, పెట్టె ఖాళీ చేస్తాడు.

శనివారం సాయంత్రానికి మీ ఇంటికి చేరతాను. బెల్లు కొట్టను. గోరుతో తలుపు గీకుతాను. వినబడకపోతే వినబడేదాకా బయటే నిలబడతాను. నేల మీదే కదా, పర్లేదు.

నీ తమ్ముడు